సగం పూట సెలవు

గ్రిమ్స్‌బీ చేపల రేవులో
తెల్లారగట్ట నాలుగింటికే మా పని.
కత్తి, మంచుగడ్డలు, రబ్బరు బూట్లు,
బల్లకి అటు నలుగురు, ఇటు నలుగురు.
సెలవు చీటీల మీద సంతకం నాది,
పందొమ్మిదేళ్లుగా నేనే మేస్త్రీని.

హబ్తోమ్‌ది ఎరిత్రియా.
సోల్ చేప తోలు ఒక్క లాగుడులో ఊడదీస్తాడు,
పసివాడి చొక్కా విప్పినంత సుళువుగా.
ఆ సోమవారం చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.
కళ్ళజోడు ఇంట్లో మరిచాను.
అబద్ధం. మరవలేదు.
నేనెప్పుడూ చీటీ మొత్తం చదవను,
మొదటి రెండు మాటలు చూసి మిగతాది ఊహిస్తాను.
బడి రోజుల నుంచీ అదే నా చదువు.

మార్నింగ్ సెలవు కావాలి, అని ఉంది.
ఉదయం పూటేగా, తీసుకో, అన్నాను.
పన్నెండుకల్లా వచ్చెయ్, అన్నాను.
నా మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు.
పన్నెండుకి ఐదు నిమిషాలుండగా
ఏప్రన్ కట్టుకుని బల్ల దగ్గరున్నాడు.
ఆ మధ్యాహ్నం అతని చేతిలో ఒక్క తోలూ చిరగలేదు.

శుక్రవారం కత్తులు నూరుతూ జురాతె అంది:
అతని చెల్లెలు పోయింది, తెలీదా నీకు?
చెప్పలేదే, అన్నాను.
రాసిచ్చాడుగా, అంది.

డబ్బాలోంచి చీటీ తీశాను.
అతను సరిగ్గానే రాశాడు.
ఓ పక్కన యు,
చేపముల్లులా సన్నగా, నిటారుగా.
ఉదయం కాదు. శోకం.
నా భాషలో అతను తప్పు రాయలేదు,
నా భాషలో నేనే తప్పు చదివాను.

బుధవారం రాత్రి, చర్చి వెనక హాలు.
ఎవరినైనా దింపడానికి వచ్చారా? మిసెస్ థర్కెటిల్ అడిగింది.
కాదు, నేర్చుకోడానికి.
మీది ఈ ఊరేగా?
అవును. అందుకే.

బోర్డు మీద జంటలు జంటలుగా మాటలు,
చెవికి ఒకటి, కంటికి రెండు.
ప్లేస్ అంటే చోటు.
ప్లేస్ అంటే నారింజ చుక్కల చేప కూడా.
సోల్ అంటే చేప, బూటు అడుగు, ఆత్మ.
మరి ఇన్నేళ్లూ నేను తోలు ఒలిపించింది వేటికి?
వెయిట్ అంటే ఆగు, వెయిట్ అంటే బరువు.
లారీల గేటు దగ్గర బోర్డు రాసింది నేనే.
'ఇక్కడ బరువు' అని చదువుకుని
డ్రైవర్లు నవ్వుకునేవాళ్లట. ఆగేవాళ్లు మాత్రం ఆగారు.

టీ విరామంలో హబ్తోమ్ పక్కన నిలబడ్డాను.
క్షమించమనడానికి నోరు పెగల్లేదు.
ఆ రెంటికీ తేడా ఎలా గుర్తుపెట్టుకున్నావ్? అనడిగాను,
పాఠం అడిగినట్టే.
కప్పు ఆవిరి ఊదుకుంటూ అన్నాడు:
యు అన్నా, నువ్వు అన్నా ఇంగ్లీషులో ఒకే చప్పుడు కదా.
ఉదయంలో నువ్వు ఉండవు.
శోకంలో ఉంటావు.

పేరేంటి, మీ చెల్లెలిది?
లెతెబ్రహాన్.
వాళ్ళ లిపిలో నా నోటుబుక్కులో రాశాడు.
చూసి రాశాను. ఒక కాలు తప్పింది.
మళ్ళీ రాశాను.

మర్నాడు కొత్త చీటీ నేనే నింపాను,
మూడు రోజులు, యు ఉన్న మాటతో.
అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు,
మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాడు.
వెళ్తాడో లేదో చెప్పలేదు.
బయట లారీ వెనక్కొస్తోంది,
ప్లేస్, ముప్పై పెట్టెలు.