మైనస్ ఏడు మార్కులు

మా భవనం పరీక్ష తప్పింది.
వయసు యాభై మూడు, అంతస్తులు ఇరవై రెండు,
గుమ్మాలు నూట ముప్పై రెండు.
హోనొలులు నగరం పంపిన నిప్పు ఫారంలో
దానికి వచ్చినవి మైనస్ ఏడు.
సున్నా కింద కూడా మార్కులుంటాయని
ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన నాకు
ఇన్నాళ్లూ తెలియదు.

నేను కోశాధికారిని, వెర్నన్ అగ్‌పల్సాని.
ఎన్నికల రోజు ముందు వరసలో కూర్చున్నాను,
అంతే నా అర్హత.

లాబీలో మడత కుర్చీలు వేశాం.
ఇంజనీరు గోడ మీద అంకెలు వెలిగించాడు:
ప్రతి గది కప్పుకీ నీళ్ల గొట్టాలు, నలభై లక్షల డాలర్లు.
ఇంటికి ముప్పై వేల పైచిలుకు.
ఎవరో దగ్గారు.
ఎవరో చెప్పులోంచి కాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.
తొమ్మిదో అంతస్తు డెల్‌ఫిన్ కమాకా లేచి
"నిప్పు రాకముందే నా పింఛను కాలిపోతుంది" అంది.
నవ్వాం. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వకూడదంటారు.
బావి ధర ముందే తెలిసింది మాకు.
పాతికేళ్లుగా మినిట్స్ పుస్తకంలో
"వచ్చే ఏడు చూద్దాం" అని రాసుకున్నాం,
ఆ చేతిరాతల్లో ఒకటి నాది.

గొట్టాలు వద్దంటే మార్కులు వేరేచోట ఏరుకోవాలి.
మెట్ల దారికి కొత్త తలుపులు, రెండు.
అంతస్తుకో గంట, మూడు.
గుమ్మాల ముందు చెప్పుల స్టాండ్లు, పూల తొట్లు,
ఎవరి మనవడిదో సర్ఫ్ బోర్డు
తీసేస్తే ఒకటి. దానికి ఖర్చు లేదు,
అందుకని దాని మీదే రెండు గంటలు కొట్లాడుకున్నాం.
అన్నీ కూడినా మైనస్ ఒకటి.
మిగిలింది, వదిలేస్తే తనంతట తానే మూసుకునే ఇంటి తలుపు.
ఐదు మార్కులు. ఒక్కోదానికి నాలుగు వందల పన్నెండు డాలర్లు.

అప్పుడు చెయ్యెత్తింది పదిహేడో అంతస్తు చియోనో హిగా.
ఎనభై ఆరేళ్లు. ఇనుప కుండ అడ్డం పెట్టి
ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచుతుంది తలుపు,
ఈశాన్యపు గాలి కోసమనుకునేవాళ్లం.
"గాలికి కాదు," అంది.
"పోయిన వేసవిలో స్నానాల గదిలో పడ్డాను.
అరిస్తే ఎదురింటి కుర్రాడు విన్నాడు.
తలుపు మూసుంటే మీ పొగ నన్ను చంపదు, సరే.
నేల చంపుతుంది."

ఇంజనీరు కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.
పడిపోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

తలుపులు గెలిచాయి, తొంభై ఒకటికి ఇరవై ఆరు.
చీటీ మీద ఇంటి నంబరుంటుంది కనక తెలుసు,
1704: అవును.
ఎందుకని లిఫ్టులో అడిగాను.
"పై అంతస్తులో కవల పిల్లలున్నారు" అని
తన మీట తనే నొక్కుకుంది.

ఆ రాత్రి పట్టిక చివర ఒక వరస చేర్చాను.
ఇతరములు: మెడలో వేసుకునే మీట ఒకటి,
ఎదురింట్లో మోగే గంట ఒకటి, అరవై తొమ్మిది డాలర్లు.
బోర్డు నిలదీస్తే చెప్పాల్సిన జవాబు
రెండు రకాలుగా రాసి జేబులో పెట్టుకున్నాను.
ఎవరూ అడగలేదు.
ఆ పేజీ దాకా ఎవరూ చదవరు.

మార్చిలో బిగించారు.
చేతిలో గడియారంతో తనిఖీకి నేనే వెళ్లాను.
ఇనుప కుండ వంటింట్లోకి పోయి
మూత పెట్టుకుని కూర్చుంది.
తలుపు వదిలాను.
ఏడు సెకన్లు.
ముందు రేడియో సన్నబడింది,
తర్వాత వేగుతున్న వెల్లుల్లి వాసన,
ఆఖర్న ఆమె మొహం.
క్లిక్.

ఫారంలో టిక్కు పెట్టాను.
పెట్టి, వరండాలో అలాగే నిలబడ్డాను,
సంతకం చేసినవాణ్ణి కదా,
ఏమైనా వినపడుతుందేమోనని.

ఏమీ వినపడలేదు.
తలుపు బాగా పనిచేస్తోందన్నమాట.