పెన్ను గీత

తునికాకు కల్లం మూసిన మర్నాడు
తలండి పోసక్క కుంటుకుంటూ వచ్చింది
సిరోంచ దవాఖానకు.
పిక్కకు ముల్లు గీరిందట.
మూడు దినాలు పసుపు, ఒక దినం సున్నం.
ఇప్పుడు మోకాలి కిందంతా
ఎండకు పెట్టిన రేకులా కాలుతోంది.

కేస్ పేపర్ మరాఠీలో నింపి
నీలం పెన్నుతో ఎరుపు చుట్టూ గీత గీశాను.
"ఇదేంది సిస్టరు, నా కాలు మీద జిల్లా పటమా?"
"పటమే. ఎరుపు ఈ గీత దాటితే
అర్ధరాత్రయినా సరే రా."
నవ్వింది.
ఆమె మొగని వలకు
ప్రాణహిత రెండు ఒడ్లూ ఒకటే.

పేర్లు చెప్పాను, అమాక్సిసిలిన్, క్లావ్యులనేట్.
నోరు తిరగలేదు.
"ఒక్క గోలీల రెండు మందులెందుకు?"

రాళ్ల సందున ఎండ్రికాయను ఎట్ల పడతవు, అన్నాను.
"పుల్ల ఇస్తం. డెక్కతోని కరిచి పట్టుకుంటది,
ఇంక ఇడవది. అప్పుడు ఎనకనుంచి పడతం."

అంతే పోసక్కా.
క్రిమికీ ఒక డెక్క ఉంది,
మందును కత్తిరించడానికే పెంచుకుంది.
రెండో మందు ఆ పుల్ల.
చంపే బలం దానికి పెద్దగా లేదు,
డెక్కలో ఇరుక్కుని చెడిపోవడమే దాని కొలువు.
ఆ సందున మొదటిది దూరి
క్రిమి కట్టుకునే గోడను అతకనివ్వదు.
గోడ నిలవకపోతే
లోపలి నీరే దాన్ని పగలగొడుతుంది.

చాలాసేపు కాలు చూసుకుంది.
"అయితే ఆ పుల్ల మందు, పాపం."

ఇరవై రెండేళ్ల నౌకరీలో
గోలీని పాపం అన్నవాళ్లు లేరు.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, బువ్వతో.
రేకు ముందే చింపకు,
చెమ్మ తగిలితే పుల్ల ఊరికే చివికిపోతుంది.
దద్దుర్లొచ్చినా, ఊపిరాడకున్నా
ఆపి ఉరికిరా.

మూడో దినం సాయంత్రం
ఎరుపు గీత వదిలి లోపలికి జరిగింది,
వైశాఖంలో నది ఇసుకను వదిలినట్టు.
చర్మం ముడతలు పడింది. మంట లేదు.
కొంగు ముడిలో నాలుగు గోలీలు.
"తగ్గింది గద, పిల్లగానికి దాస్తున్న."

తిట్టాను. గట్టిగానే తిట్టాను.
సగం పుల్లతో ఎండ్రికాయ దొరుకుతుందా?
పైగా ప్రతి పుండుకూ ఈ గోలీ కాదు.
నాలుగూ ఆమె అరచేతిలోనే లెక్కపెట్టి
రెండు దినాలు చెప్పించాను,
పొద్దున, రాత్రి, పొద్దున, రాత్రి.

తర్వాత రాలేదు.
సోమవారం అంగడిలో కనిపించింది, ఎండుచేపల దగ్గర,
కుంటడం లేదు.
నన్ను చూసి ముడి విప్పి
ఖాళీ రేకు చూపింది,
అప్పు తీర్చిన రసీదులా.
పిక్క మీద గీత చెరిగిపోయింది,
చీలమండ పైన మాత్రం
ఇంకా కొంచెం నీలం.