కలిపినావిడ

బిళ్లని నూరి పాకంలో కలపమని చీటీ.
నెలల పిల్లాడి గుండెకి అందులో పదో వంతు చాలు.
నర్సాపురంలో మా కొట్లో కల్వం ఉంది,
కలిపే అనుమతి లేదు.
కాకినాడలో కలుపుతారు,
లేబులు మీద పేరు నాది.

ఇవాళ బస్సులో సీసా వచ్చింది.
తేదీ ఉంది, మోతాదు ఉంది,
కలిపిన మనిషి సంతకం లేదు.

పలివెల నూకరత్నం బల్ల మీద కూచుంది,
చీరంచుకి లంక మట్టి.
"ఆఖరి పంటు ఆరున్నరకండీ."

ఫోను చేస్తే
"మన సరుకేగా మేస్టారూ, ఇచ్చెయ్యండి."
మన.
సముద్రంలో కలిశాక
ఏ నీళ్లు ఏ పాయవో ఎవరు చెబుతారు?

నాకు పని నేర్పిన జాన్‌ప్రకాశం కాంపౌండరు
ప్రతి పొట్లం మడతలో
పెన్సిలుతో తన పొడి అక్షరం రాసేవాడు.
"రేపెవరైనా తలుపు కొడితే
తీసేవాడొకడు ఉండాలి కదరా."

సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను.
ఆమె ఏమీ అనలేదు.
రేవులో పంటు కూసింది, వెళ్లిపోయింది.

ఏడు దాటాక వచ్చింది కాగితం ఫోనులోకి:
బ్యాచి నంబరు, తూకాలు,
కింద వంకరగా, యాళ్ల హైమావతి.
పైకి చదివాను.
"ఎవరండీ ఆవిడ?"
"మీవాడి మందు కలిపినావిడ."

హైమావతి, హైమావతి అనుకుంటూ
సీసాని కొంగులో ముడేసుకుంది నూకరత్నం.
నేను షట్టరు దించి,
పడవవాణ్ణి లేపడానికి సైకిలు తీశాను.