చేపల కాటా

ఇల్పో దాన్ని ఉన్ని కండువాలో చుట్టుకుని తెచ్చాడు,
చలికి వణికే కుక్కపిల్లని తెచ్చినట్టు.
నీలం పూత పూసిన అల్యూమినియం.
అరచేతిలో పెడితే ఉందో లేదో తెలియదు.
"క్రాంక్ పుల్లీ, హిల్కా. వేసవంతా
అడవిలో బెర్రీలు ఏరిన డబ్బు."

షెడ్డులో పొయ్యి రాజేశాను.
బయట సున్నాకి ఇరవై రెండు మెట్లు కింద సోత్కమో ఊరు.
గోడకున్న చేపల కాటా దించి
కొక్కేనికి తగిలించాం: ఆరువందల గ్రాములు.
"మా సరస్సులో చేప ఇంతకన్నా నయం" అన్నాను.
వాడు నవ్వలేదు.
ఇరవయ్యేళ్ళవాళ్ళు గ్రాముల దగ్గర నవ్వరు.

పాతది ఊడిరావడానికి గంటంబావు పట్టింది.
బోల్టు మొండికేసింది. పానాకి ఇనప గొట్టం తొడిగి
ఇద్దరం వేలాడితే కీచుమని ఒక్క అరుపు,
పాతికేళ్ళ పట్టు విడిచింది.
నల్లటి పోతఇనుము. రెండు కిలోల నాలుగువందలు.
బయటి వలయానికీ లోపలి బొడ్డుకీ నడుమ
చిటికెనవేలంత రబ్బరు పట్టీ.
గోటితో నొక్కాను. ఇంకా మెత్తగానే ఉంది.

"ఇదెందుకో తెలుసా?"
"బరువుకి" అన్నాడు,
ఆ మాట ఏదో బూతైనట్టు.

చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్ళు కాగితం మిల్లులో
లేతు ముందు నిలబడ్డ చేతులతో గాల్లో గీసి చెప్పాను:
సిలిండర్లో మంట పేలిన ప్రతిసారీ
క్రాంకు కడ్డీ మెలిపడుతుంది,
తడిబట్ట పిండినట్టు, కంటికి ఆననంత.
మళ్ళీ విడుతుంది. నిమిషానికి వేలసార్లు.
ఆ వణుకు ఎవరో ఒకరు మింగాలి.
ఈ రబ్బరు మింగేది. వేడెక్కేది. ఊరుకునేది.
కొన్ని ఇంజిన్లకి ఇది లేకున్నా గడుస్తుంది.
నీదానికి పెట్టినవాడు మాత్రం
ఊసుపోక పెట్టి ఉండడు.

వాడు విన్నాడు. వినడం వేరు, చెవిన వేసుకోవడం వేరు.
నేనూ ఆపలేదులే.
టార్క్ రెంచి టిక్కుమనేదాకా బిగించింది ఈ చేతులే.

తాళం తిప్పాడు.
కాలు తాకీ తాకకముందే ముల్లు లేచింది,
మూడువేలు, నాలుగువేలు,
కట్టు తెంచుకున్న మేకపిల్ల.
అబద్ధమెందుకు, నా ఒళ్ళూ ఝల్లుమంది.
కారు రెక్క మీద పెట్టిన నా కాఫీలో
సన్నటి వలయాలు పుట్టాయి,
అంచు నుంచి నడుముకి, ఒకదాన్నొకటి తరుముకుంటూ.
నేను కాఫీ చూస్తున్నాను.
వాడు ముల్లు చూస్తున్నాడు.

మా మిల్లు కూడా ఒక చలికాలం బరువు దించుకుంది.
నూట పద్నాలుగు మందిమి.
ఆ ముక్క మాకు కాగితం మీదే వచ్చింది,
మేం చేసిన కాగితమే, తొంభై గ్రాములది,
వేలితో తడిమితే తెలిసిపోయింది.
ఆ తర్వాత యంత్రాలు భలే తేలిగ్గా తిరిగాయట,
రెండేళ్ళు.
పోలిక చెప్పడం లేదు. గుర్తొచ్చింది, అంతే.

శనివారం గడ్డకట్టిన సరస్సు మీద పందెం.
మేకుల టైర్లు మంచుని పిండిలా ఎగజిమ్ముతుంటే
నిరుటి కన్నా సెకనులో నాలుగు పదోవంతులు ముందొచ్చాడు.
ఏడో స్థానం.
మొదటి స్థానం వచ్చినవాడు కూడా
అంత ఎత్తు ఎగరలేదు.
పందెం చూడ్డానికొచ్చిన వాళ్ళమ్మ రైలి
నా చెయ్యి పట్టుకుని ఊపింది. చేతి తొడుగుల్లోంచి కూడా
ఆమె వేళ్ళ వణుకు తెలిసింది,
చలికో, సంతోషానికో.

మంగళవారం రాత్రి ఫోను.
"హిల్కా, ఐదువేల దగ్గర
లోపలెక్కడో బుర్రుమంటోంది. చిన్నగానే.
మామూలేనా?"

తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్న
పాత పుల్లీ మీద చెయ్యి వేసి చూశాను.
రబ్బరు చలికి బిగుసుకుపోయింది.

దాన్ని పొయ్యి దగ్గరికి దొర్లించాను. అడ్డు తీసిన తలుపు
వెనకే దభేలుమంది.

"ఇంజిన్ ఆపు" అన్నాను.
"తోసుకుంటూ అయినా సరే, ఇక్కడికి తీసుకురా.
కాఫీ పెడుతున్నాను."