శివారుకి నీళ్ళు

జోలె తీసెయ్యమంది ఆ పిల్ల.
హెప్సిబా. కాకినాడలో చదివొచ్చిన ఫిజియోథెరపీ పిల్ల,
మా అమ్మాయి కంటే రెండేళ్ళు చిన్నది.
"ఎన్నాళ్ళని మెడతో మోస్తారండి?
మోచెయ్యి అలాగే వంగి బిగుసుకుపోద్ది."

నాలుగు నెలలు.
లొల్ల కాలవగట్టు మీద బండి జారిన రోజు నుంచి
నీలం గుడ్డలో కట్టిన చెయ్యి,
ఎవరో కాస్త చూస్తుండమని ఇచ్చి
మళ్ళీ రాని మూటలా ఉండేది.
రొమ్ముకి ఆనించుకుని పడుకునేవాణ్ణి.
బస్సులో లేచి సీటిచ్చేవారు.
జోలె లేకపోతే ఎవరిస్తారు?
చూడ్డానికి చెయ్యి బాగానే ఉంది మరి.

తీశాక తెలిసింది బరువు.
భుజం ఎముక కింద రెండు వేళ్ళు పట్టేంత సందు.
కాటా కొక్కేనికి తగిలించిన చేపలా
వేలాడుతుంది, నడిస్తే తొడకి కొట్టుకుంటుంది.
తలుపు సందులో నలిగినా చెప్పదు.
రాత్రి మాత్రం
ఆ మొద్దు వేళ్ళలోంచే కరెంటు కొడుతుంది.

భుజానికో తొడుగొచ్చింది, రాజమండ్రి నుంచి.
దాని పట్టీ అవతలి చంక కిందుగా పోతుంది.
చెమటకి ఒరుసుకుపోతే
మంగతాయారు కొబ్బరినూనె రాస్తూ తిడుతుంది.
నన్నో, పట్టీనో, నేనడగలేదు.

మణికట్టు వాలిపోకుండా ఒక బద్ద.
కొన్నది కాదు.
పీవీసీ గొట్టం ముక్కని మరిగే నీళ్ళలో మెత్తబరిచి
శ్రీనుబాబు వంచిచ్చాడు, లోపల పాత బనీను గుడ్డ.
కంపెనీ దానికంటే ఇదే నయమంది హెప్సిబా,
ఫోటో కూడా తీసుకుంది.

ఎవరూ చీటీ మీద రాసివ్వని ఆసరాలు ఇంకా ఉన్నాయి.
నిలబడి మాట్లాడేటప్పుడు ప్యాంటు జేబు.
ఇంట్లో లుంగీ మీద ఉంటే
మొలతాడులోకి దూర్చిన బొటనవేలు.
అన్నం దగ్గర రెండు ఇటికలు, వాటి మీద దిండు,
దిండు మీద చెయ్యి,
విందుకి పిలిస్తే వచ్చి ముద్ద ముట్టని చుట్టంలా.

నేను లస్కర్ని.
ఇరవయ్యారేళ్ళు లాకుల దగ్గర
చక్రం తిప్పి తలుపులెత్తాను, దించాను.
ఇప్పుడు తిప్పేది శ్రీనుబాబు.
నాకు స్కేలు చూసి రిజిస్టర్లో రాసే పనిచ్చారు.
ఎడంచేత్తో రాస్తే ఏడంకె
గాలికి పడిపోయిన అరటిచెట్టులా వస్తుంది.
కుడిచెయ్యి రెయిలింగుకి కట్టిన
సైకిలు ట్యూబు ఉచ్చులో వేలాడుతుంటుంది.
నీళ్ళు చూస్తుంటుంది అనుకుంటాను.

నరం రోజుకో మిల్లీమీటరు పెరుగుతుందట, పెరిగితే.
టేపుతో కొలిచాను, భుజం నుంచి వేలికొస దాకా.
రెండేళ్ళ లోపు మాట కాదు.

మెరక చేలు ఊడ్చేసి, పచ్చబడిపోయి,
గట్ల మీద కొంగలు కూడా స్థిరపడ్డాక,
శివారు రైతు ఒకడు
సైకిలు మీద లాకుల దాకా వచ్చేవాడు.
"నీళ్ళెప్పుడండీ అబ్బులు గారూ?"
వదిలామండి, పైన ఆగినట్టున్నాయి, వస్తాయండి.
ఎన్ని ఖరీఫులు చెప్పానో ఆ మాట,
పొగాకు నములుతూ, అతని మొహం చూడకుండా.
మొన్న వచ్చాడు మళ్ళీ, సూర్రావు.
నీళ్ళ సంగతి అడగలేదు.
చెయ్యి చూసి, "వస్తదండి" అన్నాడు.
అతనూ నా మొహం చూడలేదు.

జోలె మంగతాయారు ఉతికి ఆరేసింది.
పారెయ్యలేదు.
రావులపాలెం బస్సెక్కే రోజున కట్టుకెళ్తాను.
ఎవరూ గుద్దుకోకుండా, సీటు కోసం కూడా.
హెప్సిబాకి చెప్పకండి.

నిన్న మధ్యాహ్నం
ఉచ్చులోంచి చెయ్యి తీస్తుంటే
మోచేతికి పైన, కండలో
చిన్నదేదో కదిలింది.
ట్యూబు సాగిందేమో.
మళ్ళీ పెట్టి మళ్ళీ తీశాను. లేదు.
ఇంట్లో చెప్పలేదు.
రిజిస్టర్లో నీటిమట్టం వేసి,
పక్కన ఖాళీ గడిలో
పెన్నుతో ఒక చుక్క పెట్టాను.
ఏఈ గారు అడిగితే
ఇంకు కారిందంటాను.