సూది కదల్లేదు

పంపినదాంట్లో వెనక్కి తిరిగొచ్చేదెంతో చెప్పే మీటరు
మూడు వారాలుగా ఒకటీ పాయింట్ ఒకటి దగ్గర
చలికాచుకుంటున్న పిల్లిలా కూర్చుంది.
బ్యాండు ఈ కొసనుంచి ఆ కొసదాకా నాబ్ తిప్పినా
సూది కదల్లేదు.
ఇంత కుదురైన యాంటెన్నా కేయిలెన్ రేవులో
ఇంకెవరికీ లేదని
రొట్టెల కొట్టు దగ్గర గొప్పలు పోయాను కూడా.

అవతల మెలింకా దీవిలో రుపెర్తో మాత్రం
"ఒతీలియా, ఉన్నావా? ఉన్నావా?" అంటున్నాడు.
ఉన్నాను. అరుస్తున్నాను. వంద వాట్లు పోస్తున్నాను.
అతని గొంతూ దుప్పటి ముసుగులోంచి వస్తోంది.
అలల ఎత్తూ డీజిల్ ధరా
ఇంకెవరికో చెప్పి వెళ్లిపోయేవాడు.

మొదట సూర్యుణ్ణి తిట్టాను.
తర్వాత పక్కింటి ఫ్రీజర్‌ని.
వానలో అర్రయాన్ చెట్టెక్కి టేపు పెట్టి కొలిచాను.
అటు పది మీటర్ల ఐదు సెంటీమీటర్లు, ఇటూ అంతే.
కోసిన తీగ మళ్లీ పెరగదని
మార్చిలో వేలెడు వేలెడే కోసిన తీగ,
బ్లీచింగ్ డబ్బా ముక్కలతో నేను చేసిన ఇన్సులేటర్లు.
తప్పు వాటిది కాదు.

పద్నాలుగు రోజుల డ్యూటీ ముగించుకుని
సాల్మన్ చెరల నుంచి బెలార్మినో వచ్చాడు ఆ రాత్రి.
ఎలా ఉంది? బాగానే.
కొత్త మేస్త్రీ? బాగానే.
నిద్ర? బాగానే. భుజం? బాగానే.
ఎటు తిప్పినా అదే అంకె.

గరిట చేతిలోనే ఉండిపోయింది.
ప్రాణమున్న తీగ ఎక్కడో ఒకచోటే కుదురుతుంది కదా,
అటూ ఇటూ జరిగితే గొడవపడుతుంది,
సూది లేస్తుంది.
అన్నిచోట్లా మంచిగా ఉండేది యాంటెన్నా కాదు.

తెల్లారగానే నిచ్చెన వేశాను.
పైన కేబుల్ విప్పేసి, కొసని గాలికి వదిలేసి
కిందికొచ్చి మైకు నొక్కాను.
యాంటెన్నా అనేదే లేదు.
మీటరు: ఒకటీ పాయింట్ రెండు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు.
కత్తితో కోస్తే కేబుల్ కడుపులోంచి
చింతపండు పులుసులాంటి నీళ్లు కారాయి.
వెండిలా మెరవాల్సిన అల్లిక నల్లగా,
నడిమి రాగి పచ్చగా.
ఊడిన టేపు సందులోంచి చొరబడ్డ ఒక శీతాకాలం
ఇరవై ఐదు మీటర్లూ దిగొచ్చింది.
నేను పంపినదంతా దారిలోనే మింగి
ఏమీ తిరిగి రానివ్వలేదు,
దాన్నే నేను మంచితనం అనుకున్నాను.

రెండు పడవ ఇంజన్లు బాగుచేసిన డబ్బు
కొత్త కేబుల్‌కి పోయింది.
ఈసారి నీరు కారిపోయేలా కింద ఒక వంపు,
కనెక్టర్ మీద రబ్బరు టేపు మూడు చుట్లు.
బెలార్మినో నిచ్చెన పట్టుకున్నాడు,
ఎడమచేత్తో.
పైనుంచి శ్రావణం అడిగితే
అదీ ఎడమచేత్తోనే అందించాడు.
ఎడమచేతివాటం కాదు అతనిది.

సాయంత్రం నాబ్ తిప్పాను.
మధ్యలో ఒకటీ పాయింట్ నాలుగు. కొసకొచ్చేసరికి
రెండున్నర దాటి సూది గింజుకుంది.
అంత చెడ్డ అంకె చూసి అంత సంతోషం ఎప్పుడూ లేదు.
"ఉన్నావు!" అన్నాడు రుపెర్తో. "నా వంటింట్లోనే ఉన్నావు!
మీ పొయ్యిలో కట్టె చిటపటలు కూడా వినిపిస్తున్నాయి."

ఆ పొయ్యి పక్కన బెలార్మినో
మాతే కప్పు ఒళ్లో పెట్టుకుని.
ఎలా ఉందని ఈసారి అడగలేదు.
పై అరలోంచి ఉప్పు జాడీ తీసివ్వమన్నాను.

లేచాడు. కుడిచెయ్యి నడుము దాటి కొంచెం లేచి
ఆగిపోయింది.
జాడీ వైపు చాలాసేపు చూశాడు.
"అందదు," అన్నాడు. "పది రోజులైంది."

రుపెర్తో ఇంకా ఏదో చెబుతున్నాడు.
వాల్యూమ్ తగ్గించి
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.