డబ్బాలు

రాత్రి కరెంటు పోయేలోపు
ఏడు స్లైడ్లు చేశాను.
గుణుపురం తెలుగు బడి, పదకొండుమంది పిల్లలు.
మూసేయొద్దన్న మాట ఎక్కడా రాయలేదు,
ఏడింటిలోనూ ఉన్నది అదే.

రాయగడ ఆఫీసులో పెన్‌డ్రైవ్ పెట్టాక
తెర నిండా డబ్బాలు.
ఒక్క అక్షరం లేదు,
వరసగా ఖాళీ పలకలు.
"ఫాంటు కూడా పొదిగి తేవాలి మాస్టారూ"
ఆపరేటరు కుర్రాడు ఒడియాలో, మెల్లగా.

పాఢీ సారు గడియారం చూశారు.
నేను మీట నొక్కుతూనే పోయాను.

ఐదో స్లైడులో
బొమ్మాళి హేమ నోటుబుక్కు ఫొటో.
ఫొటోకి ఏ ఫాంటూ అక్కర్లేదు:
"వంసధారలో మా నాన్న వల పోయింది"

'శ' ఇంకా రాదు ఆ పిల్లకి.

సారు కళ్లజోడు పెట్టుకున్నారు.
ఏం రాసిందన్నారు.

చదివాను,
తప్పు దిద్దకుండా.